పలికిన తూకం

మా వరాలు చెప్పుల్లో ఎప్పుడూ ఎడమదే ముందు అరిగేది. మూడో జత కూడా అలాగే అరిగాక, ఒక ఆదివారం పిల్లని వాకిట్లో ఎండకి వీపు పెట్టించి నిలబెట్టి, జాకెట్టు మీంచే వెన్ను వెంట బొటనవేలు దింపాను. వేలు తిన్నగా దిగలేదు. మెడ కింద కుడివైపు పోయి, నడుం పైన ఎడమకి తిరిగింది. గాలివానకి ఒరిగిన చెరకు గెడ మళ్లీ పైకి లేవాలని చూసినప్పుడు వచ్చే వంపు అది. అప్పటికి దానికి పన్నెండు వెళ్లి పదమూడు.

నేను బెల్లం మార్కెట్టులో కొలగాడిని. రైతు తెచ్చిన దిమ్మలు కలాసీలు కాటా మీదికెక్కిస్తే, తూకం చూసి పైకి పలకడం నా పని. మా నాన్నదీ అదే పని. మా యార్డులో ఒక పద్ధతుంది. కొత్త బెల్లంలో చెమ్మ ఉంటుంది, దిమ్మ చుట్టూ తాటాకు ఉంటుంది. అదంతా కొలగాడు మనసులోనే తీసేసి, మిగిలింది పలకాలి. దాన్ని తరుగు అంటాం. ఎంత తియ్యాలో దిమ్మ రంగు చూస్తే తెలుస్తుంది. కాటా చూపించిన అంకె ఉన్నదున్నట్టు పలికితే కొనేవాడు నవ్వుతాడు, వీడు నిన్న మొన్న పనిలో చేరాడని. కలాసీ పెంటకోట దేముడు నా మీద ఒక మాట పుట్టించాడు. మా పెళ్లిలో పంతులు నూరేళ్లు చల్లగా ఉండమని దీవిస్తే, నేను చెమ్మ కింద అయిదు తీసి తొంభై అయిదన్నానట. వారానికోసారైనా ఆ మాట అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాడిని.

దేముడి కూతురు శ్యామలకీ వెన్ను వంకరే. మా దానికంటే ఎక్కువ. ఇద్దరం కలిసే పిల్లల్ని డాక్టర్ ప్రసూన దగ్గరికి తీసుకువెళ్లాం.

ఆమె పట్నం నుంచి వచ్చి, ఊరి బయట మూతపడ్డ పంచదార గోదాములో పరిశోధనా కేంద్రం పెట్టింది. వెన్ను వంకరగా పెరుగుతున్న ఆడపిల్లలు పంతొమ్మిది మందిని చుట్టుపక్కల ఊళ్ల నుంచి తీసుకుంది. మాట నెమ్మది. మొదటి రోజు నా అరచేతిలో ఒక గింజ పెట్టింది. తెల్లగా, నున్నగా, వడ్లగింజంత ఉంది. దీని బరువెంతుంటుందో చెప్పమంది. గ్రాములో పావు కూడా ఉండదన్నాను. ఆమె లోపలికి వెళ్లి చిన్న తక్కెడలో వేసి చూసుకుని వచ్చి, ఈ కేంద్రంలో తూకం మీరే చూడాలి అంది.

ఎందుకంటే ఆ గింజ పిల్ల జబ్బ చర్మం కిందికి వెళ్లాక, దగ్గర్లో ఉన్న కరెంటు కాటాలన్నీ తడబడతాయి. ఇనప కమ్మీ మీద గుండు జరిపి చూసే పాత కాటాయే కావాలి. అది చూడగలిగినవాళ్లం యార్డులో ఇద్దరమే మిగిలాం. రెండోవాడికి చూపు తగ్గింది.

గింజ చేసే పని ఆమె నాకు అర్థమయ్యేట్టే చెప్పింది. ఒంట్లో కొవ్వు ఊరికే కూర్చోదట. గాదెలో ఎంత నిల్వ ఉందో ఒక హార్మోను చేత మెదడుకి కబురు పంపుతుంది. ఆ కబురుని బట్టే మెదడు ఎముకలకి పెరగమనో ముదరమనో చెబుతుంది. ఈ పిల్లల్లో ఆ కబురు బలహీనం. వెన్నులో ఒక పక్క వింటుంది, ఒక పక్క వినదు. ఒక పక్క పరిగెడుతుంది, ఒక పక్క నిలబడిపోతుంది. కొవ్వు చెప్పాల్సిన మాట ఇక గింజ చెబుతుంది. ఎంత గట్టిగా చెప్పాలన్నది పిల్ల బరువుని బట్టి. అందుకని రోజూ బరువు తెలియాలి. ఆ బరువు కూడా డాక్టరమ్మ పెట్టిన అంకెకి రెండు వందల గ్రాములు పైకీ కిందికీ దాటకూడదు. మూడు నెలలకోసారి అంకె కొంచెం పెంచుతుంది.

ఇంకొకటి కూడా చెప్పింది. ఎముక ముదిరేదాకా గింజ ఆపకూడదు. పిల్ల పెద్దమనిషయ్యాక ఏడాదికో రెండేళ్లకో ఎముక ముదురుతుంది. ఈలోపు ఆపితే, సరిచేసిన వంకర ఆరు నెలల్లో తిరిగి వచ్చేస్తుంది.

ఒప్పుకుని వేలిముద్రలు వేశాం. వేలిముద్రలే తీసుకున్నారు, సంతకం వచ్చినవాళ్ల దగ్గర కూడా.

*

ఆ తర్వాత మా ఇల్లు అంకెలోకి వెళ్లిపోయింది. వరాలు అన్నం తూచి పెట్టాలి, నీళ్లు కొలిచి ఇవ్వాలి. నా భార్య నూకరత్నం పోపు పెట్టడం మానేసింది, వాసనకి పిల్ల కడుపులో పేగులు లేస్తాయని. రెండేళ్లు మా ఇంట్లో ఆవాలు చిటపటమనలేదు. తను వంటింట్లో నిలబడి, గోడవైపు తిరిగి, చప్పుడు కాకుండా తినేది. నేను యార్డులోనే కుళాయి కింద స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి వచ్చేవాడిని. ఒంటికి బెల్లం వాసన ఉంటే వరాలు నా పక్కనుంచి కదిలేది కాదు. మొదట్లో ముద్దు అనుకున్నాను. ఒకరోజు నా చొక్కా చేతి అంచు దాని నోట్లో ఉండగా చూశాను.

పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాం. నూకాలమ్మ జాతరకి పిల్లని ఇంట్లో పెట్టి ఒకరం కాపలా ఉండేవాళ్లం. రత్నం చెల్లెలు అలిగి, మీ ఇంటికొస్తే సావింటికొచ్చినట్టుంటది అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

వెన్ను మాత్రం లేచింది. నలభై రెండు డిగ్రీల వంపు ఏడాదికి ముప్పై అయింది, రెండో ఏటికి పంతొమ్మిది. శ్యామలకి యాభై ఒకటి నుంచి ఇరవై నాలుగు. డాక్టరమ్మ ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు దేముడు ఆమె కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు.

నా పని ఉదయం ఆరున్నరకి. పిల్లలు కేంద్రం ఇచ్చిన దళసరి నీలం గౌన్లు వేసుకుని, నడుముకి పట్టీ కట్టుకుని వరసగా వచ్చేవారు. నేను గుండు జరిపి పలికేవాడిని. సిస్టర్ ఎస్తేరు ట్యాబ్‌లో కొట్టేది. మా వరాలు అంకె ఆ మధ్య ముప్పై ఎనిమిది కిలోల నాలుగు వందలు. ఎప్పుడూ తప్పలేదు. నా చెయ్యి మీద డాక్టరమ్మకి ఎంత నమ్మకమంటే, కాటా వంక ఒక్కసారి కూడా వంగి చూడలేదు.

రెండు సంగతులు మాత్రం సరిగ్గా లేవు. రెండూ చూశాను. రెండూ చెప్పలేదు.

ఒకటి ఆకలి. గాదె నిండుగా ఉందని గింజే చెబుతుంది కాబట్టి పిల్లలకి ఆకలి తెలియదని డాక్టరమ్మ మొదట్లోనే అంది. వరాలుకి తెలిసేది. తిని చెయ్యి కడుక్కున్న పది నిమిషాలకి వచ్చి కూర్చుని, ఆకలేస్తంది నాన్నా, అనేది. నీళ్లు తాగమనేవాడిని. తాగితే మర్నాడు తూకానికి వస్తుందని, సగం గ్లాసే ఇచ్చేవాడిని. డాక్టరమ్మకి చెబితే మా పిల్లని జాబితాలోంచి తీసేస్తారని భయం. అప్పటికే బయట అరవై మంది పిల్లల తల్లిదండ్రులు ఖాళీ కోసం చూస్తున్నారు.

రెండోది, పదిహేను వచ్చినా వరాలు పెద్దమనిషి కాలేదు. శ్యామలా కాలేదు. పంతొమ్మిది మందిలో ఒక్కరూ కాలేదు. రత్నం ఒకటి రెండుసార్లు డాక్టరమ్మని అడిగింది. కొందరికి ఆలస్యం అవుతుంది, చూద్దాం అని ఆమె జవాబు. అలా చూస్తూనే ఉన్నాం. పెద్దమనిషైతేగాని ఎముక ముదరదు. ముదిరితేగాని గింజ ఆపరు. ఆపితేగాని పిల్ల కడుపునిండా తినదు. గానుగెద్దుకైనా సాయంకాలానికి కాడి దింపుతారు.

*

కార్తీకంలో నాకు కీళ్ల జ్వరం వచ్చింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. కేంద్రంలో ఎస్తేరే కాటా చూసుకుంది. గుండు జరపడం నేనే నేర్పాను ఎప్పుడో, సరదాకి.

మూడో రోజు మధ్యాహ్నం వరాలు తింటూ తింటూ లేచిపోయింది. కంచంలో రెండు పిడికిళ్ల అన్నం ఉంది. రత్నం దాని నుదురు మీద చెయ్యి వేసి చూసింది, నా జ్వరం తగిలిందేమోనని. ఒళ్లు చల్లగానే ఉంది.

నాలుగో రోజు కేంద్రం నుంచి కబురు వచ్చింది. పిల్లలందరూ ఉన్నట్టుండి ఎనిమిది వందల గ్రాముల దాకా పెరిగారట. ఇళ్లలో ఏదో పెడుతున్నారని డాక్టరమ్మ తల్లులందరినీ పిలిచి గట్టిగా మాట్లాడింది. అంకెకి దిగేదాకా తిండి సగానికి కొయ్యమంది. రత్నం నూకాలమ్మ మీద ఒట్టు వేసి చెప్పినా వినలేదు.

అయిదో రోజు వెళ్లాను. ఎస్తేరు ట్యాబ్ చూపించింది. నావి ఒక వరస, తనవి ఒక వరస. ఒక్కొక్క పిల్ల పేరూ చూసుకుంటూ వచ్చాను. తేడా ఏడు వందల ఎనభై, ఎనిమిది వందలు, ఎనిమిది వందల ఇరవై. అందరికీ ఒకటే. యార్డులో పది బళ్ల బెల్లం ఒకే లెక్కన తేడా వస్తే తప్పు బెల్లంలో ఉండదు.

గౌనుకీ పట్టీకీ ఏమైనా తీస్తారా అని ఎస్తేరుని అడిగాను.

"దానికదే తీసేసుద్ది అన్నయ్యా. మనం కొట్టింది కొట్టినట్టే కనపడుద్ది, గింజకి పంపేటప్పుడు లోపల ఎనిమిది వందలు తగ్గించుకుంటది. మొదట్నించీ అంతేగా."

రెండేళ్లుగా నేనూ ఎనిమిది వందలు తీస్తున్నాను. గౌను చూశాను, పట్టీ చూశాను, నూనె పెట్టిన జడ చూశాను, నాలుకే తీసేసింది. తియ్యమని ఎవరూ చెప్పలేదు. తియ్యొద్దనీ ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా కాటా చూపించిన అంకె నా నోటంట ఒక్కసారీ రాలేదు. అందుకే నన్ను పెట్టుకున్నారనుకున్నాను.

అంటే గింజకి తెలిసిన వరాలు ఉన్న వరాలుకంటే ఎనిమిది వందల గ్రాములు చిన్నది. ఆ చిన్న పిల్లకి సరిపడా మాటే రెండేళ్లుగా చెబుతోంది.

పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ముందు శ్యామల ఎక్కింది. గుండు జరిపాను. నాలుక తన పని తను చేసుకుపోయింది. ఎస్తేరు కొట్టి, అంకెలోకి వచ్చేసింది, గండం గడిచింది అంది. పంతొమ్మిది మందీ ఆ పూటే అంకెలోకి వచ్చేశారు. డాక్టరమ్మ బయటికి వచ్చి, మీ చెయ్యి పడితేగాని కాటా మాట వినదు అని నవ్వింది. తిండి కొయ్యక్కర్లేదని తల్లులకి కబురు పంపింది.

ఆరు రోజులు అలా గడిపాను. చెబితే గింజలు ఆపేస్తారు. ఆపితే వెన్ను కూలిపోతుంది. చెప్పకపోతే పిల్లలు అలాగే ఉండిపోతారు. ఉదయం కాటా దగ్గరికి వెళ్లేవాడిని, తరవాత యార్డుకి వెళ్లేవాడిని, ఇంటికి వచ్చేవాడిని. దేముడు ఆ తొంభై అయిదేళ్ల మాట మళ్లీ అన్నాడు. ఆ రోజు నవ్వలేకపోయాను.

ఏడో రోజు వరాలు జడ వేసుకుంటూ, నా వంక చూడకుండానే అంది.

"నీకు జొరం వొచ్చినప్పుడు నాకు ఆకలెయ్యలేదు నాన్నా. నువ్వు ఎల్లిన కాణ్ణించి మల్లీ ఎత్తుకుంది."

రబ్బరు బాండు చుట్టుకుని బడికి వెళ్లిపోయింది.

*

డాక్టరమ్మ గదిలో చెప్పాను. నిలబడే చెప్పాను. ఆమె మొదట నవ్వింది, తర్వాత ట్యాబ్ లాక్కుని లెక్క వేసుకుంది. కిటికీ అవతల ఎస్తేరు గౌన్లు ఆరేస్తోంది.

ఒక్క కిలో కూడా లేని తేడాకి ఇంత అవుతుందా అని అడిగాను. పాకం సంగతి మీకు తెలియదా అంది. తెలుసు. పాకం రావడానికి ఒక్క పొంగు తక్కువలో పొయ్యి తగ్గించి ఎంతసేపు ఉంచినా దిమ్మ కట్టదు. అడుగంటుతుంది గాని గట్టిపడదు. రెండేళ్లుగా ఈ పిల్లలు ఆ ఒక్క పొంగు దగ్గర ఆగి ఉన్నారు.

పై అధికారులకి రాసెయ్యండి డాక్టరమ్మా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. రాసిన రోజే అన్నీ ఆపేస్తారు. ఏ పిల్ల వెన్ను ఏమైనా వాళ్లకి పట్టదు, తప్పు లెక్క మీద నడిచిన పరిశోధనని ఒక్క పూట కూడా ఉంచరు. పైగా నలభై రోజుల్లో పరిశోధన తనిఖీకి కమిటీ వస్తోంది. వాళ్ల కాటా వాళ్లే తెచ్చుకుని పిల్లల్ని ఆ గౌన్లతోనే తూస్తారు. పుస్తకంలో ముప్పై ఎనిమిది నాలుగు వందలుండి, వాళ్ల కాటా ముప్పై తొమ్మిది రెండు వందలు చూపిస్తే అంతటితో సరి.

కాగితం మీద ఏదో గీసుకుంది. గీసి, నెమ్మదిగా చెప్పింది. ఈ నలభై రోజుల్లో పిల్లల ఒళ్లు ఎనిమిది వందలు దిగాలి. నేను తీసే తరుగు రోజుకి ఇరవై గ్రాములు తగ్గించుకుంటూ రావాలి. ట్యాబ్‌లో అంకె కదలదు. కమిటీ వచ్చేనాటికి పుస్తకమూ ఒళ్లూ ఒకటవుతాయి. ఇప్పుడే ఒక్కసారిగా పెంచితే ఎందుకని అడుగుతారు కాబట్టి, వాళ్లు వెళ్లాకే అంకె పెంచుతుంది, గింజకి నిజం తెలుస్తుంది, పిల్లలు ముదురుతారు.

"నలభై రోజులు. ఆ తర్వాత అందరూ బయటపడతారు సన్నిబాబు గారూ. మీ అమ్మాయి కూడా."

అలాగే అన్నాను. నిన్నటిదాకా నాది పొరపాటు. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

రత్నానికి ఆ సాయంత్రం చెప్పాను. బియ్యం ఏరుతోంది. చేట దింపలేదు.

"నువ్వు పలికిన అబద్దం నిజమవ్వాలని నా కడుపున పుట్టిన గుంటని మాడ్చాలేటి?"

మర్నాటి నుంచి తనే అన్నంలో ఒక చారెడు తగ్గించింది. వేరే దారి తనకీ కనపడలేదు.

పంతొమ్మిది ఇళ్లలో తగ్గించారు. మిగిలిన పద్దెనిమిది ఇళ్లవాళ్లకి ఎందుకో తెలియదు. జ్వరం రోజుల్లో పిల్లలు దొంగతిండి తిన్నందుకు దండన అనుకున్నారు. దేముడు యార్డులో నాతో, మా శ్యామల బడి నించొచ్చి గోడకి ఆనుకుని కూకుండిపోతంది బావా, నలభై రోజులేగా, ఏదోటి ఓర్చుకోవాలి, ఆయమ్మ దేవత, అన్నాడు. అవునన్నాను. ఆ అవును ఇంకా నా గొంతులో ఉంది.

వరాలు ఆకలి అని చెప్పడం మానేసింది. అంతకుముందు చెప్పినప్పుడే నయం. పలక మీద సుద్ద నాకేది. దిండు గలేబు అంచు తడిగా ఉండేది. లేచి నిలబడితే గోడ పట్టుకునేది. నేను మాత్రం రోజుకి ఇరవై తగ్గిస్తున్నాను. ఏడు వందల ఎనభై తీశాను, ఏడు వందల అరవై తీశాను, ఏడు వందల నలభై తీశాను. ఇన్నేళ్లలో ఇంత శ్రద్ధగా తరుగు తీసింది లేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

పన్నెండో రోజు. వరసలో తొమ్మిదోది వరాలు. కాటా పలక మీదికి ఎక్కి, రెండు చేతులూ పక్కన పెట్టి నిలబడింది. కొంచెం ఊగింది. గుండు జరిపాను. కమ్మీ నిలిచింది. నేను నోరు తెరిచేలోపు వరాలు తల వంచి కమ్మీ మీద గీతలు చూసింది. కొలగాడి కూతురు, చదవడం వచ్చు. ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదో తెలియదు. నేను ఉన్నాను కదా అనుకుని ఉంటుంది.

"ముప్పై ఎనిమిది కిలోల తొమ్మిది వందల అరవై," అని పలికింది. యార్డులో మేము పలికినట్టే, సాగదీసి, అందరికీ వినపడేలా.

ఎస్తేరు వేలు ట్యాబ్ మీద ఆగిపోయింది.

"అన్నయ్యా, ఎంత?"

పిల్ల సరిగా చూడలేదు అనొచ్చు. కళ్లు తిరుగుతున్న పిల్ల, ఎవరైనా నమ్ముతారు. ఇంకా ఇరవై ఎనిమిది రోజులు. వరాలు నా వంక చూడలేదు. కమ్మీనే చూస్తోంది, అది ఎక్కడికైనా పోతుందేమో అన్నట్టు.

"పిల్ల పలికిందే," అన్నాను.

ఎస్తేరు కొట్టింది. ట్యాబ్ ఎర్రగా మెరిసి కుయ్యిమంది. వరాలుని చెయ్యి పట్టి దింపాను. అప్పటికే తూగి వెళ్లిన ఎనిమిది మందినీ వెనక్కి పిలిచి, ఒక్కొక్కరినీ ఎక్కించి, కాటాలో ఉన్నది ఉన్నట్టు పలికాను. పరాయి భాష మాట్లాడినట్టుంది. మిగిలినవాళ్లనీ ఎక్కించాను. కుయ్యి మోత ఆగలేదు. డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి, ట్యాబ్ చూసి, నన్ను చూసింది.

"మీకు చెప్పాను కదండీ."

"చెప్పేరు."

ఆమె గుమ్మం మీదే కూర్చుంది. తర్వాత లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ మధ్యాహ్నం జరిగింది జరిగినట్టు, పన్నెండు రోజుల సంగతితో సహా, తనే పైకి రాసి పంపింది. ఆ మాట ఆమె గురించి చెప్పాలి.

*

నాలుగు రోజులకి ఉత్తర్వు వచ్చింది. గింజలన్నీ ఆపెయ్యాలి.

తల్లిదండ్రులందరినీ గోదాములో కూర్చోబెట్టి ఆమె చెప్పింది. గింజ ఆగితే వెన్ను మళ్లీ ఒరగడం మొదలవుతుంది. దానికి ఎదురుగా ఒకటే ఉంది. పిల్లలు బరువు పెరిగితే కొవ్వు తన మాట తను చెప్పుకుంటుంది, పెద్దమనుషులవుతారు, ఎముక ముదురుతుంది. వెన్ను వంపు నలభై అయిదు డిగ్రీలు దాటేలోపు అది జరిగితే కత్తి పడదు. దాటితే ఇనప కడ్డీలు వేసి కట్టాలి. ఏది ముందు వస్తుందో తనకి తెలియదంది. రెండేళ్లు తినొద్దన్న మనిషి చేతులు జోడించి, బాగా పెట్టండి అంది. ఒక తల్లి, సరిగా విన్నానో లేదో అని, మళ్లీ చెప్పమంది.

బయట దేముడు నా కోసం నిలబడి ఉన్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నీ నోరు రెండేళ్ల ముందు తెరవాల బావా. నేదంటే ఇంకో ఇరవై ఎనిమిది రోజులు మూసుకోవాల. నా గుంటకి ఇరవై నాలుగుంది, నీ దానికి పంతొమ్మిది. ఎవుల్ది ముందు దాటుతాదో నెక్క నీకు రాదేటి?"

వచ్చు. ముందు దాటేది శ్యామలదే. ఆ తర్వాత వాడు యార్డులో నా కాటా మీదికి దిమ్మ ఎక్కించలేదు. నేను తరుగు తియ్యడం మానేస్తే వర్తకులూ నన్ను పిలవడం మానేశారు. ఇప్పుడు యార్డులోనే బెల్లం గోదాము ఊడ్చే పని చేస్తున్నాను.

మాఘంలో శ్యామలని పట్నం తీసుకెళ్లారు. వెన్ను వంపు ముప్పై తొమ్మిదికి వచ్చింది. కడ్డీలు ఎప్పుడు వెయ్యాలో చూస్తున్నారని ఎస్తేరు చెప్పింది. పంతొమ్మిది మందిలో ఇద్దరు పెద్దమనుషులయ్యారు. వరాలు ఇంకా కాలేదు.

మొన్న మధ్యాహ్నం పిల్ల అన్నానికి కూర్చుంది. ఇప్పుడు మా ఇంట్లో ఏదీ తూచం. మొదటి వారం దానికి ఎక్కడ ఆపాలో తెలియక కక్కుకునేది. తర్వాత తల్లి చెయ్యి చూసి తినడం నేర్చుకుంది. ఒళ్లు కొంచెం వచ్చింది, బుగ్గలు తేరుకున్నాయి. నేను వెనక అరుగు మీద కూర్చుని గొడ్డలికి కర్ర బిగిస్తున్నాను. వరాలు ముద్ద కలుపుతూ, తల తిప్పకుండా అడిగింది.

"నా ఎన్ను ఎలాగుంది నాన్నా?"

రత్నం నా వంక చూసింది. చెప్పొద్దని ఆ చూపు.

"కుడి జబ్బ దిగింది," అన్నాను.

"ఎంత?"

"రెండు వేళ్ల మందం."

"పోయిన వారం?"

"ఒక వేలు."

వరాలు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, కంచం తల్లి వైపు జరిపింది.

"ఇంకో గరిటెయ్యమ్మా," అంది. "పప్పు కూడా."